ఎనిమిదో సంతకం

ఉమాకాంత్‌ను సెక్యూరిటీ వాళ్లు చెరో రెక్కా పట్టుకుని గెంటేస్తుంటే ల్యాబ్‌లో తోటివాళ్లు ఏడుగురూ చూస్తూ నిలబడ్డారు. కోటు వేసుకోనివ్వలేదు. కారు తాళాలు ఆ కోటులోనే ఉన్నాయి. బయట నోవై ఊరంతా మోకాలిలోతు మంచు.

అతను చేసిన నేరమేమిటయ్యా అంటే, నిజం చెప్పడం. నిన్నటిదాకా టీవీలు చేసుకున్న కంపెనీకి 2014లో ఎలక్ట్రిక్ కారు మీద మోజు పుట్టింది. బ్యాటరీ డిజైన్ చేసే ఎనిమిదిమందీ కాంట్రాక్టు తెలుగువాళ్లే. ఉద్యోగం పోతే వీసా పోయినట్టే. బ్యాటరీని చల్లబరిచే గొట్టం టెస్టులో మూడుసార్లు కారింది. నాలుగోసారి టెస్టే లేకుండా 'పాస్' అని రాయమన్నారు. "ఎవరమూ రాయొద్దు" అన్నాడు ఉమాకాంత్.

ఆ మాట ఎలా పొక్కిందో ఆ ఎనిమిదిమందిలో ఒకతైన గిరిజకు తెలుసు. శనివారం, వాళ్లని ఈ పనిలో పెట్టిన కాంట్రాక్టర్ రాజారావు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. గిరిజ ఈ దేశంలో దిగిననాడు ఎయిర్‌పోర్టుకొచ్చి, వారంరోజులు అన్నం పెట్టిన మనిషాయన. ప్రసాదం అందుకుంటూ, "ఉమాకాంత్ చెప్పేది కరెక్టే అంకుల్. మీరొక మాట మాట్లాడండి" అంది. "నేను చూసుకుంటాగా తల్లీ" అన్నాడు. చూసుకున్నాడు మహానుభావుడు! కంచే చేను మేసింది.

ఉమాకాంత్ వెనక ల్యాబ్ తలుపు మూసుకోగానే రాజారావు రిపోర్టు పట్టుకుని వచ్చాడు. "వాడికి తొందరెక్కువ. నువ్వు సంతకం పెట్టెయ్ అమ్మా. నీ వీసా రెన్యువల్ ఉంది కదా."

గిరిజకు ఒళ్లు మండిపోయింది. అందరివైపూ తిరిగింది. "ఉమాకాంత్ పేరు ఈయనకి చెప్పింది నేనే. మనోడే కదా అనుకున్నా."

"నీకేం పోయేకాలమే!" అని విరుచుకుపడింది శాంతి.

"తిట్టండి, పడతా. కానీ ఆ కార్‌లో రేపు ఎవరో పిల్లల్ని ఎక్కించుకుని డ్రైవ్ చేస్తారు. ఒక్కడు కాదంటే గెంటేశారు. ఏడుగురం కాదంటే?"

"ఏడుగుర్నీ గెంటేస్తరు," అన్నాడు విశ్వనాథ్. "నాకు ఇద్దరు పిల్లలున్నరు."

"నోరు మూసుకుంటే మాత్రం ఉంచుతారా? బండి పూర్తయ్యాక మనమెవరో వాళ్లకి గుర్తుంటుందా?" అంది శాంతి.

గిరిజ రిపోర్టు మీద 'ఫెయిల్' అని రాసి సంతకం పెట్టింది. శాంతి పెన్ను లాక్కుంది. ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. చిట్టచివర విశ్వనాథ్, అందర్నీ తిట్టుకుంటూనే పెట్టాడు.

గిరిజ కాగితమూ ఉమాకాంత్ కోటూ తీసుకుని తలుపువైపు నడిచింది.

"ఆగమ్మా! అంకుల్‌ని చెప్తున్నా!"

"మీరు నా కాంట్రాక్టర్, రాజారావు గారూ. అంతే."

ఎనిమిదో సంతకం కోసం ఏడుగురూ మంచులోకి దిగారు.