పద్నాలుగో అంతస్తులో నల్లా దగ్గింది

మా తాత తలమీద బండరాయి పెట్టుకుని నడుస్తుంటే సముద్రమే జడుసుకుని వెనక్కి జరిగిందట. అలా ఖాళీ అయిన జాగాలోనే బొంబాయి కట్టారు. ఈ సంగతి నేను చెబితే నమ్మే మనిషి వరస గదుల మా చాల్లో ఒక్కతే మిగిలింది, నా మనవరాలు ప్రాజక్త. దానికి ఒకటో తరగతి వయసు వచ్చింది. ఆ ఒక్క శ్రోతనూ నా దగ్గర్నుంచి లాక్కోవాలని నా కొడుకు నిలేష్, కోడలు మేఘా కంకణం కట్టుకున్నారు. దూరపు బడిలో వేస్తారట. తెల్లారకముందే బస్సు, చీకటి పడ్డాక ఇల్లు. ఇంక నా కథలు ఎవరు వినాలి?

మా కామాటిపురలో పక్క గల్లీలోనే మునిసిపల్ బడి ఉంది. నా మోకాళ్లు అంతవరకే నడుస్తాయి. అందుకే నా ఓటు దానికి.

"గా బడిల గంట గొడితె పావురాలు గుడ లైన్ల గూసుంటయి బిడ్డా," అని ప్రాజక్తకు ముందే నూరిపోశాను. అది నోరు తెరుచుకుని విన్నది. వాళ్లమ్మ మాత్రం కసురుకుంది.

"మామా, జర ఊకోండ్రి. దాని ముంగట ఆ బడి పేరు తియ్యకుండ్రి."

చలికాలమంతా మొగుడూ పెళ్లాం బడులు చూస్తూ తిరిగారు. తమ పెళ్లిచూపులకు కూడా అంత తిరగలేదు. సాయంత్రం గది ముందు గ్యాలరీలో కూర్చుని పోల్చుకునేవారు. ఒక బడిలో వాచ్‌మన్ సలాం కొడతాడు. ఇంకో బడిలో వాచ్‌మన్ ఇంగ్లీషులో కసురుతాడు. కసిరేదే గొప్ప బడి అని ఇద్దరూ తేల్చారు.

"లోపట సదువు ఎట్ల చెప్తరురా?" అని అడిగాను.

"బస్సుకు ఏసీ ఉన్నది నాయినా," అన్నాడు నిలేష్.

"సదువుకునేది బస్సా, పిల్లనా?"

"నీకు సమజ్ గాదు తియ్."

నిజమే. నేను ఊళ్లో నాలుగో తరగతి దాకానే చదివాను. మా బడికి పైకప్పు లేదు కాబట్టి గాలికి కొదవ ఉండేది కాదు.

ఆ గొప్ప బడివాళ్లు సీటు ఇచ్చేముందు ఇల్లు చూడ్డానికి టీచరమ్మను పంపుతారట. ఆ మాట వినగానే నిలేష్ మొహం పాలిపోయింది. కామాటిపుర అంటే ఊరందరికీ ఎర్రదీపాల గల్లీలే గుర్తొస్తాయి, టాక్సీవాడు కూడా అద్దంలోంచి ఒక నవ్వు నవ్వుతాడు. తెలంగాణ నుంచి వచ్చి రాళ్లు మోసి ఊరు కట్టిన మా కామాటీలకు ఈ ఊరు ఇచ్చిన బహుమానం ఆ నవ్వే. దాన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. అందుకని నిలేష్ ఇల్లే మార్చేశాడు, ఒక పూటకి. లాల్‌బాగ్‌లో కొత్త టవర్ పద్నాలుగో అంతస్తులో మేఘా వాళ్లక్క ఉంటుంది. ఆమె మాకు తాళంచెవి ఇచ్చి, ఆ పూట మా చాల్లోకి వచ్చి కూర్చునేట్టు ఒప్పందం.

"మామా, మీరు రిటైర్డ్ ఇంజినీర్. యాదుంచుకోండ్రి. నోరు మాత్రం తెరవకుండ్రి," అని మేఘా నాకు పాఠం చెప్పింది.

"తాపీ పట్టి ఎంతమంది ఇంజినీర్లను నేనే రిటైర్ చెయ్యలేదు!" అన్నాను.

ఆ ఇంట్లో అడుగు పెట్టగానే మేఘా వంటింటి నల్లా తిప్పింది. చుక్క రాలేదు. పైన ట్యాంకు కడుగుతున్నారని తరువాత తెలిసింది. నల్లాను తెరిచే వదిలేసి వచ్చింది. అది మరుపు కాదు, అలవాటు. మా చాల్లో నల్లా మూసి పడుకునేవాడు లేడు. నీళ్లు వచ్చేముందు నల్లా ముసలాడిలా దగ్గుతుంది. ఆ దగ్గు వింటే ఎంత నిద్రలో ఉన్నవాడైనా బిందె అందుకోవాల్సిందే. మా పక్కింటి బాలయ్య ఒకసారి పాడె మీది నుంచి లేచి బిందె అందుకున్నాడు. నమ్మకపోతే బాలయ్యనే అడగండి.

బడి నుంచి సావంత్ మేడమ్ వచ్చింది. మడత నలగని చీర, మెడలో బడి బిళ్ల. ఆమె ఇంగ్లీషులో అడుగుతుంటే నిలేష్ వల్లెవేసిన జవాబులు అప్పజెబుతున్నాడు. మేఘా తన నవ్వును పిన్నుతో గుచ్చినట్టు మొహం మీద నిలిపి ఉంచింది. నేను ఇంజినీరులా కాళ్లూపుతున్నాను.

అంతలో వంటింట్లో నల్లా దగ్గింది. గుర్ర్... ఖళ్... ఫుస్స్!

"నీళ్లొచ్చినయ్!" అని కేకపెట్టి మేఘా లేచింది. నిలేష్ ఇంగ్లీషు వాక్యాన్ని సగంలో పారేసి తపేలా కోసం ఉరికాడు. ప్రాజక్త జాడీలోంచి ప్లాస్టిక్ పూలు పీకేసి జాడీ పట్టుకుంది. కానీ ముగ్గురికంటే ముందు నల్లా దగ్గరికి చేరింది సావంత్ మేడమ్. కొంగు నడుముకు దోపి, "పాణీ ఆలం! బాల్టీ కుఠే?" అని మరాఠీలో బకెట్టు కోసం అరుస్తోంది. బాల్టీ దొరక్క కుక్కరు పట్టారు, కెటిల్ పట్టారు, అక్క అద్దాల బీరువాలో దాచుకున్న గాజుగిన్నెలన్నీ పట్టారు. ఒక గిన్నె నిండీ నిండకముందే ఇంకోదాన్ని కిందికి తోసే మేడమ్ ఒడుపు చూస్తే నా కడుపు నిండిపోయింది. ఒక్క చుక్క నేల పాలు కాలేదు.

ఇంట్లో నింపడానికి ఇంకేమీ మిగలనప్పుడు అందరికీ తెలివొచ్చింది. నల్లా మాత్రం పోస్తూనే ఉంది. టవర్ నల్లా కదా, దానికి ఆగడం తెలియదు.

నేను మరాఠీలో మెల్లిగా అడిగాను. "మీ చాల్ల నీళ్లు ఎప్పుడొస్తయి మేడమ్?"

"పొద్దున ఐదింటికి కాకా, అదీ సన్నగా..." అని నాలుక కరుచుకుంది.

కొంగు దించుకుని, చేతులు తుడుచుకుని, సోఫాలో కూర్చుని, ఇంగ్లీషును ఎక్కడ వదిలిందో అక్కణ్నుంచే అందుకుంది. నిలేష్ కూడా అందుకున్నాడు. ఒకే ఇంటికి కన్నం వేయబోయి ఎదురుపడ్డ ఇద్దరు దొంగలు ఎంత మర్యాదగా మాట్లాడుకుంటారో అంత మర్యాదగా మాట్లాడుకున్నారు. పోతూ పోతూ ఆమె "నైస్ హౌస్" అన్నది.

మర్నాడే సీటు వచ్చిందని ఫోను. నా పని అయిపోయిందనుకున్నాను. కానీ మేఘా మూతి ముడుచుకుని కూర్చుంది.

"ఏమైందే? సీటొచ్చింది గద," అన్నాడు నిలేష్.

"ఇగో, గా మేడమ్ సుత మన లెక్కనే చాల్ మనిషి. పొద్దుగాల బాల్టీలు మోసి, గాడికొచ్చి మన పిల్లకు ఇంగ్లీష్ చెప్తది. చాల్ మనిషి తాన సదువుడుకు గంత ఫీజా?"

నిలేష్ వెంటనే తలూపాడు. "అది గుడ నిజమే. ఇంకా మంచి బడి చూద్దాం."

'నువ్వు ఏ మహల్ల పుట్టినవ్ తల్లీ?' అని అడగబోయి మింగేశాను. నా లాభం ముందు న్యాయం ఎంత?

ఇంకా మంచి బళ్లన్నీ అప్పటికే తలుపులు మూసుకున్నాయి. వానలతో పాటు ప్రాజక్త పక్క గల్లీ మునిసిపల్ బడిలో చేరింది. మా గల్లీ పక్క ఫోరస్ రోడ్ మీద ఎవరెదురైనా, అడగకపోయినా, "ఈ ఒక్క ఏడాది కోసమే" అని నిలేష్ చెప్పుకుంటున్నాడు.

మొదటి రోజు చెయ్యి పట్టుకుని నేనే దించి వచ్చాను. బడి వదిలే వేళకు వెళితే, అది నడుం మీద చేతులు పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

"తాతా, గంట గొట్టిండ్రు. ఒక్క పావురం గుడ లైన్ల గూసోలె."

"ఇయ్యాల వాటికి ఛుట్టీ బిడ్డా."

"టీచర్‌ను అడిగిన. పావురాలకు ఛుట్టీ ఉండదంట."

చదువు బాగానే చెబుతున్నట్టున్నారు. సముద్రం వెనక్కి జరిగిన సంగతి మాత్రం ఆ టీచరమ్మ దగ్గర ఎత్తొద్దని గల్లీ మలుపు దాకా దాన్ని బతిమాలుతూనే వచ్చాను.