చెక్కిలి మీఁది చుక్క

శరదృతువు ప్రవేశించి వానలు వెలిసి తోమిన పళ్లెరమువలె నాకసము నిర్మలమై యొప్పుచుండ మణిగిరి దుర్గప్రాకారములపైఁ బఱచుకొన్న మంచుతెరలు బాలాతపమునకు మెల్లమెల్లనఁ గరఁగిపోవుచుండ నంగడివీథిలో జనులు బేరములు మాని చేతిలోని రాగికాసులను వెలుతురునకుఁ ద్రిప్పి త్రిప్పి చూచుచుండిరి. భైరవరాజునకుఁ బెక్కేండ్లకుఁ బుత్రోదయమైన వేడుకకై టంకశాలలో బాలకృష్ణమూర్తి నచ్చొత్తించి వెడలించిన క్రొత్తకాసు లవి. వెన్నముద్ద చేతఁ బట్టి ప్రాఁకులాడు నా శిశువు ముఖము కన్నులకుఁ బండువు సేయునంత ముద్దుగా నుండెను. కాని యెడమచెక్కిలి మీఁద నావగింజలో సగమంత చుక్క యొకటి యుండెను. అది యేల యున్నదో యెవ్వరికిని దెలియదు.

తెలియనిచోట లోక మూరకుండునా? రాగిలోఁ గల్తీ కలసినదనుటకు గుర్తని వర్తకు లనిరి. శత్రురాజుల వేగులవారు తమవారి నెఱుఁగుటకుఁ బెట్టించిన సంకేతమని కోటకావలివా రనిరి. అంతలో రాకుమారునకు జ్వరము తగిలెను. అది చుక్క కాదు మశూచిపొక్కనియు నచ్చు చెక్కినవాఁడు రాజబిడ్డపైఁ జేసిన చేతబడి యనియు నూరంతయుఁ జెవులు కొఱుకుకొనఁజొచ్చెను. దైవకృపచే జ్వరము తగ్గెను గాని వదంతి తగ్గలేదు.

పుత్రవాత్సల్యముచే వివేకము గోల్పోయిన రాజు టంకశాలాధికారియైన లింగనామాత్యునిఁ బిలిపించి "నేఁటి సాయంకాలపుఁ గొలువులోపల నా చుక్క యర్థము మాకుఁ దెలియవలెను. తెలియకున్నఁ జెక్కినవాని కుడిచేయి తెగవలెను" అని యానతిచ్చెను.

చెక్కినవాఁడు మాచోజు. లింగనామాత్యుఁడు వాని పనితనమును మీసములు రాని నాఁటినుండి యెఱుఁగును. అంతియకాదు, ఆ యచ్చునుఁ బరిశీలించి సరియని యొప్పుకొన్నవాఁడును దానే. తన ముదిమికన్నుల కానాఁడు చుక్క యానలేదు. ఇప్పుడా తప్పునకు వేఱొకని చేయి తెగఁబోవుచున్నది. అచ్చును మరలఁ దెప్పించి చూచి చెఱసాలకుఁ బోయి మాచోజు నెదుటఁ గూర్చుండెను.

"ఒరే మాచోజూ, ఉలి జాఱి పడిన గంటు కాదది. కావలెనని గుండ్రముగాఁ దొలిచితివి. ఎందుకు?"

"నా చేతి పనే అయ్యవారూ. తప్పు నాదే."

"చేయి పోవునురా."

"పోనీండు."

అమాత్యుఁడు విసిగి యెండ నడినెత్తికి వచ్చు వేళకు వాని యింటికి నడచెను. మాచోజు భార్య యోబళమ్మ గడపలోఁ గూలఁబడి యుండెను. చుక్క మాట యెత్తినంతనే యామె కొంగు నోటఁ గ్రుక్కుకొని కొంతసేపు వెక్కి వెక్కి యేడ్చెను.

"చుక్క పెట్టమన్నది నేను, దొరా. నాకొక్కతే కూఁతురు. నిరుఁడు తిరునాళ్లకు ఎత్తుకొనిపోయినాము. తొందరలో బుగ్గన కాటుకచుక్క పెట్ట మఱచినాను. చూచినవాళ్లందఱు ఎంత ముద్దుగా ఉన్నదే అని బుగ్గలు పుణికినారు. ఇల్లు చేరేటప్పటికి ఒళ్లు కాలిపోయినది. మఱి లేవలేదు. ఆ యచ్చు చెక్కిన నాఁడు ఆయన మైనముపై ఒత్తి తెచ్చి చూపినాఁడు. మా పాప ముఖమే. ఇన్ని యిండ్లకు పోతుంది, ఇన్ని కండ్లు పడుతాయి, ఈసారియైనా చుక్క పెట్టు మావా అని కాళ్లు పట్టుకొన్నాను."

ప్రతి తల్లియుఁ బ్రతిదినము బిడ్డకుఁ బెట్టు దిష్టిచుక్కను రాగిపైఁ జూచి పోల్చుకొనలేని తన పాండిత్యమునకు అమాత్యుఁడు లోలోన సిగ్గుపడెను. "ఈ మాట రాజుగారితోఁ జెప్పినఁ జేయి దక్కును గదా తల్లీ" అనెను.

"జ్వరమునుండి లేచిన బిడ్డ యింట జ్వరముతో పోయిన బిడ్డ మాట ఎట్లా ఎత్తేది దొరా? అంత అశుభము మా నోట రాదు. ఆయన చేయైనా ఇస్తాడు గాని ఆ మాట అనఁడు. మీరును అనవద్దు."

అమాత్యుఁ డొట్టు పెట్టుకొన్నవానివలెఁ దల యూఁచి లేచెను. చెప్పినఁ గాని చేయి దక్కదు. చెప్పినచో నా దంపతులు గుండెలోఁ బాఁతిపెట్టుకొన్నది నలుగురి నోళ్లఁ బడును. త్రోవపొడవునఁ దల బద్దలుకొట్టుకొనుచుఁ గోటకుఁ బోయెను.

సాయంకాలపుఁ గొలువు తీఱెను. సంకెలలతోఁ దేఁబడిన మాచోజు ప్రక్కఁ దలారి కత్తితో నిలిచి యుండెను. లింగనామాత్యుఁడు చేతులు జోడించి "దేవరా, రాకుమారుని సభకుఁ దెప్పింపవలయును" అని విన్నవించెను. దాది శిశువు నెత్తుకొని వచ్చెను. అమాత్యుఁడు క్రొత్తకాసును రాజు నఱచేతఁ బెట్టి "ఒక్కసారి యీ ముఖమును ఆ ముఖమును సరిపోల్చి చూడుఁడు" అనెను.

రాజు చూచెను. రాకుమారుని యెడమచెక్కిలి మీఁద రాణి యుదయమునఁ బెట్టిన కాటుకచుక్క యుండెను. రాజు కాసును బిడ్డను మార్చి మార్చి చూచి "ఇంతటి ప్రేమను జేతబడి యంటిమా" యని పలికి మాచోజు వైపు తిరిగి "దీని నేల దాఁచితివి" యని యడిగెను.

వాని బదులు అమాత్యుఁడే "దిష్టికిఁ జేసిన దానిని నోట నెవ్వరు చాటుదురు దేవరా" యనెను.

రాజు సంతోషించి సంకెల లూడఁదీయించెను. ఆ చుక్క యిఁక నెన్నఁడును జెఱుపఁబడరాదని శాసించెను. పిమ్మట నాదరముతో "నీకు బిడ్డలు గలరా?" యని యడిగెను.

మాచోజు తల యెత్తెను.

"ఒక కూఁతురు దేవరా."

"ఎంతటిది?"

"ఇంకను నడక సరిగా రాలేదు దేవరా."

రాజు చిఱునవ్వు నవ్వి కుమారునికై చేయించిన వెండియందెల జత తెప్పించి "నడక వచ్చిన నాఁడు తొడుగుము" అని యొసఁగెను. మాచోజు మోఁకరించి రెండు చేతులఁ జాఁచి యందుకొని యందలి మువ్వలు మ్రోఁగకుండఁ గుడిచేతి గుప్పిట గట్టిగా బిగించి పట్టుకొని సభ వెడలిపోయెను.