ఎవరి కుర్చీలో ఎవరు

నేను లెక్కల మాస్టారిని. తేలని లెక్కంటే నాకు ఒళ్లు మంట. అలాంటి నాకు హెడ్మిస్ట్రెస్ గారు ఏడో తరగతికి "స్నేహాలు, తగాదాలు" అనే కొత్త పీరియడ్ అంటగట్టారు. "శుక్రవారం ఆఖరి గంట మీకు ఖాళీయే కదా" అన్నారు. నాకున్న అర్హత అదొక్కటే.

తొలిరోజే తగాదా సిద్ధంగా ఉంది. వసపిట్ట, ముంగి అని స్టాఫ్ రూమంతా పిలుచుకునే ఇద్దరు ఆడపిల్లలు. ఒకదానికి నోరు మూతపడదు, రెండోదానికి తెరుచుకోదు. ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. అలాంటిది సోమవారం నాడు వసపిట్ట స్కేలును ముంగి లాక్కుని అందరి ముందూ రెండు ముక్కలు చేసి, సంచీ సర్దుకుని వెనక బెంచీకి వెళ్లిపోయింది. ఎందుకో ఎవరికీ అంతు చిక్కలేదు. అడిగితే నేలచూపులు చూస్తుంది. వీళ్లు విడిపోతే నాకేమిటి అనుకున్నాను గానీ, ముందు బెంచీలో ఆ ఖాళీ కనబడినప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

ఈ పీరియడ్ కోసమని ఇచ్చిన ఒక్కపూట శిక్షణలో మాకో పద్ధతి చెప్పారు. తగువు పడ్డవాళ్లు కుర్చీలు మార్చుకుని, ఒకరిలా ఇంకొకరు మాట్లాడాలట. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించి ఇద్దరినీ కూర్చోబెట్టి, కుర్చీలు మార్పించాను.

"ఇప్పుడు నువ్వు తను, తను నువ్వు. కానివ్వండి" అన్నాను. చెప్పిన నాకే సగం అర్థం కాలేదు.

వసపిట్ట కుర్చీలో ఉన్న ముంగి గొంతు సవరించుకుంది. "నా స్కేలు ఎందుకు విరిచావే? నేనేం చేశాను నిన్ను?"

ముంగి కుర్చీలో ఉన్న వసపిట్ట నోరు విప్పలేదు. భలే నటిస్తోందని పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

"మా నాన్నకి వేరే ఊరు బదిలీ అయింది" అంది వసపిట్ట చివరికి, నెమ్మదిగా. "ఆదివారం వెళ్లిపోతున్నాం. పోట్లాడి వెళ్తే నువ్వు ఏడవవని విరిచాను."

నవ్వులు ఆగిపోయాయి. నాకు బుర్ర తిరిగిపోయింది. బదిలీ ఎవరి నాన్నకి? ఈ పిల్ల చెబుతున్నది ఎవరి మాట?

"నీకెవరు చెప్పారే?" అంది ముంగి, నటన మర్చిపోయి.

"మీ అమ్మ మా అమ్మకి చెప్పింది. నువ్వే చెప్తావేమోనని వారం నుంచీ చూస్తున్నా."

నాకేం చేయాలో పాలుపోలేదు. సర్దిచెబుదామంటే అసలు తగువేదీ? తప్పు ఎవరిదని తేల్చను? పద్ధతిలో తర్వాతి ప్రశ్న ఒక్కటే గుర్తొచ్చింది.

"ఇప్పుడు నీకేం కావాలమ్మా?" అని ముంగిని అడిగాను.

"ఏడవాలనుంది సార్."

"నీకా, దానికా?"

ముంగి తను కూర్చున్న కుర్చీ వంక చూసుకుంది. ఎదురుగా ఉన్న వసపిట్ట వంక చూసింది. "తెలీదు సార్."

నాకూ తెలియలేదు. మళ్లీ ఎవరి కుర్చీలోకి వాళ్లు మారమని చెప్పడం కూడా మర్చిపోయాను. బడి గంట కొట్టేదాకా ఇద్దరూ ఒకరి కుర్చీలో ఒకరు కూర్చునే ఏడ్చారు.