పౌడర్‌లో లేనిది

తవుడులో మినరల్ పౌడర్ కలిపేటప్పుడు జమాల్ గరిటె వాడడు. మోచేతి దాకా చెయ్యి ముంచి, ఉండలు చిదుపుతూ అడుగు నుంచి పైకి తెస్తాడు. వేళ్ల పగుళ్లలో ఆ బూడిదరంగు ఏళ్లుగా నిలిచిపోయింది. హసన్‌పర్తి అవతల సదానందం షెడ్డులో మాంసానికి మేపే దున్నలన్నీ ఆ చేతి మేతే తింటాయి. ఒక్కటి మాత్రం అతని సొంతం. కూలి కింద అడిగి తీసుకున్న దూడ. చనిపోయిన భార్య హలీమాబీ పేరున రేపటి బక్రీదుకు కుర్బానీ ఇవ్వాలని పెంచాడు. ఆమె బతికుండగా ఒక్క ఏడూ ఇవ్వలేకపోయారు.

ఎండలకు కాలువ గట్టున గడ్డి మాడిపోయినప్పుడు అతడు కలవరపడలేదు. పౌడర్ ఉంది కదా అనుకున్నాడు. సంచి మీద పచ్చిక బయలు, బలిసిన పశువు బొమ్మ. ఎండుగడ్డి వేసి, పౌడర్ రెండింతలు చేశాడు.

"జర తక్కువెయ్ జమాల్ భాయ్! అది దున్ననా, పెండ్లికొడుకా?" అని సదానందం నవ్వేవాడు.

దున్న నిజంగానే నిగనిగలాడింది. ఈ మధ్య మాత్రం పొద్దుగూకగానే గోడకు గుద్దుకునేది. ఇవాళ పట్టపగలే తొట్టికి తట్టుకుని పడింది.

పశువుల డాక్టరు కావ్య దాని కంటి ముందు అరచెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు.

"పచ్చగడ్డిల కెరోటిన్ ఉంటది చాచా. చూపుకు అదే ఆధారం. ఈ పౌడర్ల అది లేదు. ఎముకలకైతే మంచిగనే పెట్టినవ్."

"ఇప్పుడు పెడ్త డాక్టరమ్మా. యాడికన్న పోయి కోసుకొస్త."

"కంటి నరమే చచ్చుబడ్డది. ఇగ పెట్టినా రాదు."

గుడ్డి పశువు కుర్బానీకి చెల్లదు. ఆ మాట అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. శ్రద్ధకు కొరత లేదు. అయినా కొరత మిగిలింది. ఆ రెండూ ఒకే చేతిలో ఎలా ఇమిడాయో అతనికి అంతుబట్టలేదు.

సాయంత్రం సంతకు పోయే బండి వచ్చింది.

"గుడ్డిదాన్ని ఉంచుకొని ఏం చేస్తవ్ భాయ్," సదానందం గొంతు తగ్గించి అన్నాడు. "పంపిద్దాం."

"గుంజకుండ్రి. దానికి బండెక్కే పలక కనవడది."

జమాల్ దాని మూతి కింద అరచెయ్యి పెట్టి, వెనక్కి నడుస్తూ బండి ఎక్కాడు. తవుడు వాసన వెంట అది నమ్మకంగా ఎక్కింది. అతడు దిగబోతుంటే ఇంకా ఆ వేళ్లను నాకుతూనే ఉంది.

బండి మలుపు తిరిగింది. షెడ్డు గోడ మీద, పండుగకని దున్న నుదుట పెట్టమని కూతురు సబియా పొద్దున నూరి పంపిన మైదాకు, అదే గోరింటాకు గిన్నె ఉంది. అంచులు నల్లబడి ఎండిపోయాయి, నడుమ మాత్రం ఇంకా పచ్చగా ఉంది.