అల్లుడి నల్ల డబ్బా

కృష్ణప్ప తన అల్లుడితో ఇప్పటిదాకా మాట్లాడిన మాటలన్నీ కలిపి రాసినా ఒక పోస్టుకార్డు నిండదు. వస్తే "వచ్చినావా", కూర్చుంటే "తిన్యావా", లేస్తే "పోతాండావా". పెళ్లయి రెండేళ్లయినా అంతకు మించి ఒక్క మాట పెరగలేదు. మదనపల్లెలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే వెంకటరమణకు ఇది గొంతులో ముల్లయి కూర్చుంది. క్లాసు క్లాసంతా తన పాఠం వినకపోయినా అతనికి బాధ లేదు, అది అలవాటైపోయింది. సదుం దగ్గర టమాటా పండించుకునే ఈ ఒక్క మనిషి మాత్రం తనను మెచ్చుకోవాలి. అదీ అతని కోరిక.

అందుకే మామగారి మందు కొట్టే పెట్రోలు మిషన్ ఆగిపోయిందని తెలియగానే ఎగిరి గంతేశాడు. మామ ఇంజను చెడిపోతే పండగ చేసుకున్న అల్లుడు చుట్టుపక్కల మండలాల్లో ఇతనొక్కడే అయ్యుంటాడు. ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే భాగం కాలిపోయిందట.

"దానికి పుంగనూరు మెకానిక్కు కాడికి పోవాల్సిన పని లేదు మామా. నేనే చేసిస్తా. కంపెనీదానికంటే బాగా చేసిస్తా" అన్నాడు ఫోన్లో.

"నీకి వస్తాదా?" అన్నాడు కృష్ణప్ప. పోస్టుకార్డులో లేని మాట అది.

"వస్తాది మామా."

"అట్లయితే ఆదివారానికి కావల్ల. కాయలోకి పురుగు దిగతాండాది. ఆపొద్దు మందు కొట్టకపోతే ఈ కోత పాయె."

పని మొదలైంది. సంగతి నిజానికి చిన్నదే. ఒక కెపాసిటర్‌లో కరెంటు నింపి ఉంచాలి. ఇంజను చక్రం మీది అయస్కాంతం ఎదురుగా రాగానే దాన్ని ఒక్క ఊపున కాయిల్‌లోకి వదలాలి. అక్కడ అది బలిసి ప్లగ్గులో రవ్వై దూకుతుంది. ఇంత మాత్రం దానికి మదనపల్లెలో దొరికే కెపాసిటర్లు తన స్థాయికి తగవని వెంకటరమణ కుప్పం బస్సెక్కాడు. అక్కడ మునస్వామి కొట్టులో బేరమాడి మరీ ఒకటి కొన్నాడు. "ఇది మీ ఊర్లోనే దొరుకుతాది గదా సార్?" అని మునస్వామి అడిగితే వినపడనట్టు చిల్లర జేబులో వేసుకున్నాడు.

వంటింటి గట్టు మీద మొదటి పరీక్ష జరిగింది. అయస్కాంతం తిప్పితే ప్లగ్గులో టక్ టక్‌మని నీలం రవ్వ. వెంకటరమణ గాలిలో తేలిపోయాడు. పప్పుగుత్తి చేతబట్టుకుని చూస్తున్న భార్య వర్షిత "మన గ్యాసు లైటరు మాదిరి ఉండాదే" అంది. అతను మళ్లీ నేలకు దిగాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ తేమ తగలకుండా మీద రెజిన్ అనే గట్టిపడే జిగురు పోయాలి కదా. రెజిన్ చూస్తే గాజులా ఉంది, లోపలిదంతా కనపడుతుంది. వెంకటరమణకు రెండు భయాలు పట్టుకున్నాయి. తన కొత్త విద్యను ఎవరైనా చూసి కాపీ కొడతారేమోనన్నది ఒకటి. అందులో సగం సామాను కాలిపోయిన పాత ఎల్‌ఈడీ బల్బుల్లోంచి పీకిందని తెలిసిపోతుందేమోనన్నది రెండోది. గొప్పకూ సిగ్గుకూ కలిపి ఒకటే మందు కనిపెట్టాడు. పాత టార్చి సెల్లు పగలగొట్టి, లోపలి నల్ల పొడి మెత్తగా నూరి రెజిన్‌లో కలిపాడు. కాయిల్‌తో సహా అంతా ఖాళీ ఇంగువ డబ్బాలో పెట్టి పైన ఆ నలుపు పోశాడు. గట్టిపడ్డాక డబ్బా కోసి తీసేసి కొబ్బరినూనె రాస్తే నిగనిగలాడింది. అచ్చం కంపెనీ సరుకు.

"ఇంకోసారి ఎలిగిచ్చి సూడరాదా?" అంది వర్షిత.

"పెండ్లయినాక పెండ్లిచూపులు యాల?" అన్నాడు. ఆ మాట తనకే ఎంతో నచ్చి, మర్నాడు స్టాఫ్‌రూములో కూడా ఒకసారి వాడుకున్నాడు.

ఆదివారం చేను దగ్గర అత్తగారు ఆదిలక్ష్మమ్మ డ్రమ్ములో మందు కలిపి సిద్ధంగా ఉంచింది. వెంకటరమణ నల్ల డబ్బాను ఇంజనుకు బిగించి, "లాగు మామా" అన్నాడు. కృష్ణప్ప తాడు లాగాడు. ఇంజను పలకలేదు. లాగాడు, లాగాడు, చొక్కా తడిసేదాకా లాగాడు. ఇంజను దగ్గనైనా దగ్గలేదు.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఎవరి కోసం పుట్టిందో గానీ, ఆ రోజు వెంకటరమణకు కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. పెట్రోలు పాతదన్నాడు. కృష్ణప్ప బండేసుకుని పుంగనూరు పోయి కొత్త పెట్రోలు తెచ్చాడు. ప్లగ్గు పోయిందన్నాడు. తండ్రి ఈడు మనిషి మారు మాట్లాడకుండా మళ్లీ పుంగనూరు పోయి ప్లగ్గు తెచ్చాడు. ఇంజను ఉలకలేదు. పొద్దు వాలుతోంది. ఇక తిట్టడానికి చేలో ఏమీ మిగల్లేదు కాబట్టి వెంకటరమణ కుప్పం దాకా పోయాడు.

"ఆ మునస్వామి నకిలీ కెపాసిటర్ అంటగట్టినట్టుండాడు మామా."

కృష్ణప్ప ముఖం ఎర్రబడింది. "నంబరియ్యి. మా అల్లుడికే నకిలీది ఇస్తాడా వాడు? అడగతా ఉండు."

మా అల్లుడు! రెండేళ్లుగా వెంకటరమణ చెవులు కాచుక్కూర్చున్న మాట అది. ఆ ఆనందంలో నంబరు చెప్పేశాడు కూడా. ఫోను చేసే ముందు కడపటిసారి చూద్దామని కృష్ణప్ప తాడందుకున్నాడు. డబ్బా వదులుగా ఉందేమోనని వెంకటరమణ దాన్ని చేత్తో అదిమి పట్టుకున్నాడు.

తాడు లాగగానే "అమ్మా!" అని కేకేసి, టమాటా కట్టెల మధ్య చతికిలబడ్డాడు. కరెంటు పుట్టింది. కాకపోతే ప్లగ్గుకు పోకుండా అల్లుడికి చేరింది.

కింద కూర్చునే అతనికి అంతా తెలిసిపోయింది. సెల్లులోని నల్ల పొడిలో బొగ్గు ఉంటుంది. బొగ్గు కరెంటును పోనిస్తుంది. ఏటా మొదటి వారంలో తనే చెప్పే పాఠం, పిల్లలు వినని పాఠం. తనూ విన్నట్టు లేదు. రవ్వ కావాల్సిన కరెంటంతా ఆ అందమైన నలుపులోంచే కారిపోయింది.

కృష్ణప్ప వేలు ఫోను మీద ఉంది. నోరు మూసుకుంటే చాలు, తిట్లు మునస్వామికి, "మా అల్లుడు" తనకు. ఆ ఆశ ఎంత తీపిదో వెంకటరమణకు ఒళ్లంతా తెలిసింది. కానీ పుంగనూరికి రెండుసార్లు పోయొచ్చిన ఆ చొక్కా మీది చెమట మరకలు చూస్తుంటే నోరు ఆగలేదు.

"ఫోను పక్కన పెట్టెయ్ మామా. తప్పు నాదే. నేను కలిపిన నల్ల పొడి వల్ల పోయింది. పెట్రోలూ బాగుండె, ప్లగ్గూ బాగుండె. మునస్వామి శానా మంచోడు."

ఆదిలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కృష్ణప్ప నవ్వలేదు.

"నల్ల పొడి యాల కలిపినావు?"

"లోపలిది కనపడకూడదని."

"యాల?"

"ఎవురన్నా సూసి కాపీ కొడతారని."

కృష్ణప్ప తల తిప్పి చుట్టూ చూశాడు. ఇటు వంగతోట, అటు గట్టు మీద నెమరేస్తున్న బర్రె. "ఎవురప్పా?" అన్నాడు.

షెడ్డులోంచి కృష్ణప్ప మందు కొట్టే పాత చేతిపంపు తెచ్చి, నింపి, వీపుకెత్తుకోబోతుంటే వెంకటరమణ గబగబా పోయి లాక్కుని తనే తగిలించుకున్నాడు. చీకటి పడేలోగా చేనంతా కొట్టాలి. ఒక చేత్తో పంపు, ఒక చేత్తో గొట్టం. రెండో సాలుకే భుజాలు దిగిపోయాయి. మూడో సాలుకు ఎలక్ట్రానిక్స్ మీద విరక్తి పుట్టింది. అయినా ఆగలేదు. ఆగితే మామ కోత పోతుంది, తన పరువు ఎలాగూ పోయింది.

గాలికి ఎదురుగా పోకుండా దారి చూపిస్తూ కృష్ణప్ప పక్క సాలులో నడుస్తున్నాడు. ఒక సాలు చివర చొక్కా జేబు తడుముకున్నాడు.

"పొద్దున కండ్లద్దాలు జోబీలో ఏసుకొని వస్తినప్పా. మా అల్లుడు చేసింది లోపల ఎట్లుంటాదో సూడల్లని. సూస్తే అంతా నలుపే. మళ్లా జోబీలోనే పెట్టుకుంటి."

వెంకటరమణ చెయ్యి పంపు మీదే ఆగిపోయింది. ఎవరూ చూడకూడదని అంత కష్టపడి దాచాడు. చూడాలనుకున్నవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడికీ కనపడకుండా చేశాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఏడుపొచ్చేంత సంతోషం కూడా వేసింది.

"వచ్చే ఆదివారం ఇంకోటి చేసి తెస్తా మామా. లోపలిదంతా కనపడేట్టు."

"చేసి తేవద్దు. సామాన్లు ఎత్తుకోని ఈడికే రా. నా ముందర చెయ్యి, నేను సూస్తా" అన్నాడు కృష్ణప్ప. "నిలబడిపోతివేమప్పా? కొట్టు, కొట్టు. ఆ పక్కంతా అట్లే ఉండాది."