గుర్రం వెనక కాళ్లు

ఉమెజో నాటకశాలకు మేనేజరు అయినప్పుడు నాటకశాలలన్నీ ఉన్న దోతోంబోరి వీధిలో ఆటగాళ్లంతా పండగ చేసుకున్నారు. మనలో ఒకడు కుర్చీ ఎక్కాడన్నారు. నేనూ ఎగిరాను, వెర్రివాణ్ణి. ఏళ్ల తరబడి ఒకే గుర్రంలో నడిచినవాళ్లం మేము. వాడు ముందు కాళ్లు, నేను వెనక కాళ్లు.

మా గుర్రం వెదురు చట్రం మీద నల్ల మఖమలు కప్పిన బొమ్మ. లోపల ఇద్దరం, పైన కవచం తొడిగిన కథానాయకుడు. ముందువాడికి గుర్రం మెడలో చిన్న కన్నం ఉంటుంది, దారి కనిపిస్తుంది. వెనకవాడు వంగి, ముందువాడి నడుముకు నుదురు ఆనించి నడవాలి. వాడికి చీకటే. బడి మధ్యలో మానేసిన నేను చదివింది ఉమెజో నడుము ఒక్కటే.

వాడికి ముఖం ఉంది కానీ గొంతు లేదు. నటుడిగా పేరు రాలేదు. యజమాని చుట్టూ తిరిగి టికెట్ల సంగతీ టీ దుకాణాల సంగతీ చూడటం మొదలుపెట్టాడు. చూస్తుండగానే ప్యాంటు తొడిగాడు, టోపీ పెట్టాడు. మేనేజరు కాగానే ఆటలు వేళకు మొదలయ్యేలా చేశాడు, తాగి వచ్చేవాళ్లను బయటికి పంపాడు. అదంతా బాగానే ఉంది. తర్వాత మా దాణా మీద పడ్డాడు.

కొత్త ఆట మొదటి రోజున, గుర్రమెక్కే నటుడు మూడో అంతస్తులోని మా గదికి రావాలి. ఎంత పెద్దవాడైనా సరే. ఒక సాకే సారా సీసా పెట్టి, చాప మీద రెండు చేతులూ ఆన్చి మాకు మొక్కాలి. దాన్నే దాణా అంటాం. సీసాదేముంది, ఎవడైనా కొనుక్కుంటాడు. ఆ వంగడం ముఖ్యం. మాలాంటి వాళ్ల ముఖంలోకి పెద్ద నటులు చూసేది ఆ ఒక్క పూటే.

ఆ మొదటి రోజు పొద్దున ఉమెజో గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"ఇకనుంచి దాణా లేదు. హన్నోజో గారు తోక్యో నుంచి వచ్చిన పెద్దమనిషి. పైకి రావద్దని నేనే చెప్పాను. జీతాలిస్తున్నాం కదా, ఇంకా ఈ ముష్టి ఏంటి?"

వాడి తర్వాత ముందు కాళ్లకు వచ్చిన కుమహాచి లేచాడు. "ముష్టా? నువ్వు తాగిన సీసాలన్నీ ముష్టేనా, మేనేజరు గారూ?"

"ఆ రోజులు వేరు."

"రోజులు అవే. నీ ప్యాంటే వేరు."

గదంతా నవ్వింది. ఉమెజో నవ్వలేదు. "ఇష్టం లేనివాళ్లు పోవచ్చు. గుర్రం కాళ్లకు కరువా ఈ ఊళ్లో?"

కుమహాచి తన నల్ల లాగు వాడి బూట్ల మీదికి విసిరేసి మెట్లు దిగి పోయాడు. కరువా అన్నవాడు వీధంతా గాలించాడు. అన్ని నాటకశాలల్లోనూ ఆ రోజే కొత్త ఆట. కాళ్లు ఎక్కడ దొరుకుతాయి? మా రంగం దగ్గరపడగానే కోటు విప్పుకుంటూ వచ్చాడు.

"ఒరేయ్ యసో, నేనే వస్తున్నా."

"మేనేజరు గారికి నడుం పట్టేస్తుందేమో."

"నోర్ముయ్. చట్రం ఎత్తు."

హన్నోజో ఎక్కాడు. తెర లేచింది. జనం మధ్య నుంచి వేదిక దాకా పోయే పూలబాట మీదికి గుర్రం అడుగుపెట్టింది. పాత నడుమే, కొంచెం లావెక్కింది. బాట సగానికి వచ్చాక నాలో ఏదో తెగింది. నిలబడిపోయాను.

"కదలరా," అన్నాడు ఉమెజో గుసగుసగా.

"మొక్కు పడలేదు. కదలను."

"జనం చూస్తున్నారు. నీ కాళ్లు పట్టుకుంటాను, కదలరా."

"పట్టుకో. వెనక్కి తిరుగు మరి."

వాడు లాగాడు. నేను మడమలు బిగించాను. పైన హన్నోజో ఊగాడు. నేను ఒక మోకాలు వంచితే చాలు, ఆ ముసలాయన కవచంతో సహా జనంలో పడతాడు. ఆ పాపం నాకెందుకని నిలబడ్డాను. గుర్రం అలిగిందిరోయ్ అని ఎవడో అరిచాడు. జనం పగలబడి నవ్వారు.

అంతలో భుజాల మీద బరువు దిగిపోయింది. కవచం గలగలమంది. నవ్వులు ఆగిపోయాయి. పూలబాట చెక్క మీద రెండు అరచేతులు ఆనిన చప్పుడు వినిపించింది.

"యుద్ధానికి నిన్ను తోలుకొచ్చాను. బయల్దేరేముందు నీకు మొక్కలేదు. తప్పు నాది," అన్నాడు హన్నోజో.

నేను చూడలేదు. నాకు కన్నం లేదు కదా. ఆయన వంగింది గుర్రం తల ముందు. ఆ మొక్కు వద్దన్నవాడే కన్నంలోంచి దాన్ని అందుకున్నాడు. వాడి నడుము నా నుదుటి కింద వణికింది. ఏడ్చాడో, నవ్వు ఆపుకున్నాడో నేను అడగలేదు. కళ్లెం పట్టుకుని హన్నోజో ముందు నడిచాడు. మేము కదిలాం.

రంగం అయ్యాక ఉమెజో కోటు తొడుక్కుని, నా వైపు చూడకుండా అన్నాడు. "రేపట్నుంచి రావద్దు."

"ఇప్పుడే పోతా."

పని పోయిందని కాదు నా మంట. వేరే గుర్రాలు ఉంటాయి. ఆ రోజు పూలబాట మీద మొదటి సగం, ఉమెజో అడుగు కుమహాచి అడుగు కన్నా బాగుంది. ప్రాణమున్న గుర్రంలా నడిచాడు, దొంగ వెధవ. అలాంటి అడుగు ఉన్నవాడు పోయి కుర్చీలో కూర్చున్నాడు. దాన్ని నేను క్షమించను.