షిల్లీషాలీ

నిఘంటువు ఆఫీసు తలుపుకు తాళం వేసి చూద్దాంగారు రెండుసార్లు లాగి చూశారు. నాలుగు మెట్లు దిగారు. మళ్లీ ఎక్కి మూడోసారి లాగారు.

"అది ఊడిరాదు లెండి. అన్నం చల్లారిపోతోంది," అంది కింద నిలబడ్డ టైపిస్టమ్మ.

ఏమడిగినా "చూద్దాం" అంటారు కనుక ఆయనకా పేరు. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాయడం ఆయన పని. జేబులో ఎర్ర పెన్నూ నీలం పెన్నూ రెండూ ఉంటాయి, ఏది కావాలో ముందుగా తేల్చుకోలేరు కాబట్టి. పాపిడి కూడా అటూ ఇటూ కాకుండా నడినెత్తినే. పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడూ చూద్దామనే అన్నారు. చూస్తూ చూస్తూ ఉండగానే జుట్టు నెరిసింది. అంత మెత్తటి మనిషిని ఎవరు మాత్రం కోప్పడగలరు!

ఆ సాయంత్రం టైపిస్టమ్మ ఉద్యోగం మానేసి, వేరే ఊళ్లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోతోంది. వెళ్లొద్దని చెప్పాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

అన్నాలు తిని వచ్చాక ఆ రోజు పనిలో మిగిలింది ఒకే ఇంగ్లీషు మాట, షిల్లీషాలీ. ఏదీ తేల్చకుండా నాన్చడం. 'ఊగిసలాట' అని రాసి కొట్టేశారు. 'తటపటాయింపు' అని రాసి దాన్నీ కొట్టేశారు. 'మీనమేషాలు లెక్కపెట్టడం' బాగానే ఉంది గానీ, ఎవరో తనను ఎత్తిపొడిచినట్టు అనిపించింది.

"అర్థం తర్వాత చూద్దురు గానీ, ముందు వాడుక వాక్యం చెప్పండి. నాకు బండి టైమవుతోంది," అంది టైపిస్టమ్మ, మిషన్లో కాగితం ఎక్కిస్తూ.

ఆయన కిటికీ వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

"నన్ను పెళ్లి చేసుకుంటావా అని ఆమెను అడగడానికి అతను ఏళ్ల తరబడి తటపటాయించాడు."

టకటకలాడుతున్న మిషన్ చివరి మాట దగ్గర ఆగింది.

"తటపటాయించాడా? తటపటాయిస్తున్నాడా?"

చూద్దాంగారి చెవులు కందిపోయాయి. ఎర్ర పెన్ను తీశారు, పెట్టేసి నీలం పెన్ను తీశారు.

"అదే... చూద్దాం," అన్నారు.

ఆమె ఆ మాట కొట్టకుండానే లేచి, సంచీ భుజాన వేసుకుంది.

"తేల్చుకున్నాక మీరే కొట్టండి," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

గదిలో అంత నిశ్శబ్దం ఆయనెప్పుడూ వినలేదు. మిషన్ ముందు కూర్చుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ 'తటపటాయించాడు' అని కొట్టారు. చదువుకున్నారు. తటపటాయించాడంటే, ఇప్పుడిక ఆ తటపటాయింపు లేదన్నమాట.

"ఏవండీ! ఆగండి! అడిగేస్తున్నాను!" అని అరుస్తూ మెట్ల మీద పరుగెత్తారు. వీధి మలుపులో ఆమె ఆగి వెనక్కి తిరిగింది.

పైన తలుపు బార్లా తెరిచే ఉంది. తాళం, చెవితో సహా, బల్లమీదే ఉండిపోయింది.